హైవే వన్ పక్కన, తాళం వేసిన గేటు లోపల

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోయే రకం నేను. భయంతో కాదు, విసుగుతో. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. ఏదైనా వింతగా కనిపిస్తే దాని వెనక ఎవరో చేసిన పొరపాటు ఉంటుందని, ఓపిగ్గా వెతికితే దొరుకుతుందని నమ్మేదాన్ని. ఇప్పటికీ చాలావరకు అలాగే నమ్ముతాను. ఒక్క మధ్యాహ్నం విషయంలో మాత్రం ఎంత వెతికినా నాకేమీ దొరకలేదు. అది రాస్తున్నాను.

2012 జూన్. మేము అప్పుడు కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లో ఉండేవాళ్లం. మా ఆయన శ్రీకాంత్ వీసా స్టాంపింగ్ కోసమని హైదరాబాద్ వెళ్లి అక్కడే ఇరుక్కుపోయాడు. రెండు వారాల్లో వస్తానన్నవాడు రెండు నెలలైనా రాలేదు. ఎప్పుడు అడిగినా 'ఇంకా ప్రాసెసింగ్‌లో ఉంది' అనే ఒక్క మాటే. ఆఫీసు, అపార్ట్‌మెంట్, స్కైప్ కాల్. ఈ మూడింటి మధ్య నాకు పిచ్చెక్కుతోంది.

పెళ్లిరోజుకి ఇద్దరం కలిసి క్యాంపర్‌వ్యాన్‌లో తిరగాలని అంతకు ముందే బుక్ చేసి పెట్టుకున్నాం. నాపా దగ్గర ద్రాక్షతోటల్లో ఒక రాత్రి, తర్వాత రెడ్‌వుడ్ అడవి మీదుగా సముద్రం ఒడ్డున రెండు రాత్రులు. క్యాన్సిల్ చేద్దామంటే శ్రీకాంత్ ఒప్పుకోలేదు.

"నువ్వెళ్లు సునీ. నువ్వు ఇంట్లో కూర్చుంటే నా వీసా త్వరగా వస్తుందా ఏంటి?" అన్నాడు.

పక్క బిల్డింగ్‌లో ఉండే లావణ్యది కరీంనగర్. ఆమెకి చెబితే కళ్లు పెద్దవి చేసింది. "ఏందే, ఒక్కదానివే పోతవా? అంత పెద్ద బండి ఎట్ల నడుపుతవ్?"

"మామూలు వ్యానే. వెనక మంచం ఉంటుంది, అంతే."

"సిగ్నల్ ఉన్నకాడల్ల మెసేజ్ చెయ్, సరేనా? చెయ్యకపోతే నేను పోలీసులకు ఫోన్ కొడ్త."

అలాగేనని బయలుదేరాను. తెల్లటి వ్యాన్. వెనక పరుపు, దాని కింద నీళ్ల ట్యాంకు, చిన్న గ్యాస్ పొయ్యి, పక్కకి జరిగే తలుపు. ఫ్రీవే ఎక్కేసరికే నాకు దాని పొడవూ వెడల్పూ అలవాటైపోయాయి. చాలా రోజుల తర్వాత గట్టిగా పాడుకుంటూ డ్రైవ్ చేశాను.

మొదటి రోజు హాయిగా గడిచింది. నాపా దగ్గరి కాలిస్టోగా చుట్టుపక్కల ఎటు చూసినా దువ్వెనతో దువ్వినట్టు ద్రాక్ష వరసలు. ఎండ మాత్రం మన బెజవాడ ఎండే. నేను వైన్ తాగనని తెలిసి ఒక తోటలోని టేస్టింగ్ రూమ్ ఆవిడ వైన్ గ్లాసులోనే చల్లటి ద్రాక్షరసం పోసి ఇచ్చింది. సాయంత్రం క్యాంప్‌గ్రౌండ్‌లో ఉప్మా చేసుకుని, పక్క సైట్‌లో ఉన్న అరిజోనా ముసలి దంపతులకి కూడా పెట్టాను. ఆయన రెండోసారి అడిగి మరీ తిన్నాడు. రేపు కోస్ట్‌కి వెళ్తున్నానంటే, "మధ్యాహ్నం లోపే చేరిపో. ఫాగ్ దిగిందంటే నీ బానెట్ కూడా నీకు కనపడదు" అన్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కో ఫాగ్ చాలాసార్లు చూశాను కదా అనుకుని నవ్వేశాను.

మర్నాడు బయలుదేరడమే ఆలస్యమైంది. దారిలో యాపిల్ పళ్ల దుకాణం దగ్గర ఆగాను, రెడ్‌వుడ్ అడవిలో నడిచాను. అడవి దాటుతుండగానే చలి మొదలైంది. చెట్లు అయిపోయాయి, తీరం వెంట పోయే హైవే వన్ వచ్చింది, సముద్రం ఉండాల్సిన చోట తెల్లటి గోడ ఉంది. నేను ఎడమకి తిరిగి దక్షిణంగా వెళ్లాలి. అంటే సముద్రం నా కుడివైపు. బుక్ చేసిన క్యాంప్‌గ్రౌండ్ ఇంకో ముప్పావుగంట దూరంలో ఉంది. లావణ్యకి మెసేజ్ పెట్టబోతే అప్పటికే సిగ్నల్ లేదు.

కాసేపు నా ముందు ఒక ట్రక్కు ఎర్ర లైట్లు కనిపించాయి. వాటిని పట్టుకుని వెళ్లాను. ఒక మలుపులో అవీ మాయమయ్యాయి. ఆ తర్వాత నాకు కనిపించింది వైపర్లు, వాటి ముందు కొద్దిపాటి తారు, అంతే. కుడివైపు రెయిలింగ్ కూడా లేదు. వెనక నుంచి ఎవరైనా వచ్చి గుద్దేస్తారేమోనని ఒక భయం, పక్కకి తీస్తే లోయలో పడతానేమోనని ఇంకో భయం. చివరికి కుడివైపు కాస్త వెడల్పుగా మట్టి కనిపిస్తే అక్కడ ఆపేసి హజార్డ్ లైట్లు వేశాను.

అప్పుడు వ్యాన్ పక్కన ఎవరో చరిచారు. అరచేత్తో, రేకు మీద, రెండు దెబ్బలు. దబ్, దబ్.

అద్దం దించాను. ముందు, లైట్ల వెలుగు అంచున ఒక మనిషి ఆకారం. లేత రంగు కోటులాంటిది వేసుకున్నాడు. ముఖం కనపడలేదు. చెయ్యెత్తి, వేళ్లు లోపలికి ఆడిస్తూ రమ్మంటున్నాడు. అతని వెనక తెరిచి ఉన్న గేటు. క్యాంప్‌గ్రౌండ్ మనిషో, రోడ్డు పనివాడో, రోడ్డు మీద ప్రమాదమని బళ్లను లోపలికి పంపిస్తున్నాడనుకున్నాను. నిజం చెప్పాలంటే ప్రాణం లేచొచ్చింది. "థాంక్యూ!" అని అరిచి గేరు వేశాను.

గేటు దాటాను. చక్రాల కింద మట్టి పోయి గడ్డి వచ్చింది. అతను ముందు కనిపించడం మానేశాడు కానీ, నేను కాస్త సందేహించినప్పుడల్లా వ్యాన్ ఎడమ పక్క రెండు దెబ్బలు పడుతున్నాయి. నేను ముందుకు పోనిస్తున్నాను. కొంత దూరం వెళ్లాక ఒక్కటే దెబ్బ, గట్టిగా. దాంతోపాటు ఒక మాట.

"హోల్డాన్!"

బ్రేకు తొక్కేశాను. ఇంజిన్ ఆపి, హమ్మయ్య అని సీటుకి జారబడ్డాక తట్టింది నాకు.

నేను పుట్టి పెరిగింది విజయవాడలో, ఆటోనగర్ పక్క వీధిలో. పొద్దున లేస్తే లారీల గోలే. లారీ వెనక్కి తీస్తుంటే క్లీనర్ పక్కన నడుస్తూ బాడీ మీద చరుస్తాడు. రెండు దెబ్బలు కొడితే 'రైట్ రైట్, పోనీయ్' అని. ఒక్క దెబ్బ కొడితే 'హోల్డాన్', ఆపమని. డ్రైవర్‌కి వెనక ఏముందో తెలియదు, ఆ చేతినే నమ్ముతాడు. ఎవరూ నేర్పక్కర్లేకుండా నా ఒంట్లో ఇంకిపోయిన భాష అది. కాలిఫోర్నియాలో ఎవరు బండిని అలా కొడతారు? అమెరికన్ కూడా 'హోల్డ్ ఆన్' అంటాడు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అతను ఎలా పలికాడో ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పలేను. కానీ ఆ దెబ్బలకి నా కాలు ఆలోచించకుండానే కదిలింది. అది మాత్రం నిజం.

దిగి చూస్తే ఎవరూ లేరు. "హలో? సర్?" అని పిలిచాను. నా గొంతు దూదిలో పడ్డట్టు అక్కడే ఆగిపోయింది. ఇంకో బండి లేదు, టెంటు లేదు, బల్ల లేదు. సముద్రం మోత మాత్రం చాలా దగ్గరగా, అన్ని వైపుల నుంచీ వస్తోంది. వ్యాన్ ముందుకి నాలుగడుగులు వేశాను. గడ్డి ఉన్నట్టుండి అయిపోయింది. నేల కూడా అక్కడితో అయిపోయింది. కింద ఎక్కడో నీళ్లు రాయిని కొట్టుకుంటున్న చప్పుడు. చేతులతో పాక్కుంటూ వ్యాన్ దగ్గరికి వచ్చాను.

ఇక్కడ ఉండకూడదు, వచ్చిన దారినే వెనక్కి పోవాలి. తలుపు వేసుకుని, ఇంజిన్ స్టార్ట్ చేసి, రివర్స్‌లో పెట్టాను. బ్రేకు మీద నుంచి కాలు ఇంకా పూర్తిగా తియ్యలేదు.

దబ్. ఒక్కటే.

"ఎవరది?" అని దిగాను. ఎవరూ లేరు. వ్యాన్ చుట్టూ తిరుగుదామని వెనక వైపు వెళ్తుంటే అక్కడా సముద్రం మోగుతోంది, అదీ కాళ్ల కింద నుంచి. అక్కడే ఆగిపోయాను.

మళ్లీ ఎక్కాను. ఈసారి అద్దం దించి, ఎడమ వైపు సైడ్ మిర్రర్‌లోంచి చూపు తిప్పకుండా రివర్స్ వేశాను. మిర్రర్‌లో వ్యాన్ పక్క భాగం మొత్తం కనిపిస్తోంది. తెల్లటి రేకు, దాని వెనక తెల్లటి పొగమంచు. దబ్! రేకు అదరడం నా వీపుకి తెలిసింది. మిర్రర్‌లో చెయ్యి లేదు, మనిషి లేడు.

బండి తాళంచెవి తీసేసి, పిడికిట్లో బిగించి పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఏడుపు కూడా రాలేదు. ఫోన్‌లో సిగ్నల్ కోసం చెయ్యి పైకెత్తి నాలుగు మూలలా తిప్పాను. లేదు.

ఎడమ వైపు నుంచి అప్పుడప్పుడూ కారు వెళ్తున్న చప్పుడు వినిపించేది. అంటే రోడ్డు అటే. హజార్డ్ లైట్లు వేసి, పాటల సీడీ గట్టిగా పెట్టి, వెనక్కి రావడానికి గుర్తుగా ఆ వెలుగునీ పాటనీ వెనక ఉంచుకుని అటు నడిచాను. ముళ్లపొదలు అడ్డొచ్చాయి. నా కంటే ఎత్తు, వాటిలో కలిసిపోయిన ముళ్లకంచె. అవతల కారు వెళ్లింది. టైర్లు తడి రోడ్డుని రాసుకునే శబ్దం, లోపలి రేడియో శబ్దం కూడా వినిపించాయి. "స్టాప్! హెల్ప్!" అని గొంతు చించుకుని అరిచాను. ఆగలేదు. ఇంకోటి వెళ్లింది. అదీ ఆగలేదు.

నేను లోపలికి వచ్చిన గేటు ఈ కంచెలోనే ఎక్కడో ఉండాలి. పొదల్ని తడుముకుంటూ ఒక వైపు నడిస్తే చివర కొండ అంచు వచ్చింది. వెనక్కి తిరిగి రెండో వైపు నడిస్తే అక్కడా అంచే. గేటు లేదు. అరచేతులు గీసుకుపోయి రక్తం వస్తోంది. రోడ్డు పక్కనే, మనుషులు వెళ్తుంటే వింటూ, పెద్ద సీసాలో పడ్డ పురుగులా ఉన్నాను. సీసా గోడ కనిపిస్తే కొంత నయం. నాకు అది కూడా కనపడలేదు.

మసక చీకటి పడేసరికి వ్యాన్‌లోకి వచ్చి తలుపులన్నీ లాక్ చేసుకున్నాను. ఆ రాత్రి గురించి చెప్పడానికేమీ లేదు. నేను ఇంజిన్ జోలికి పోలేదు, ఆ దెబ్బ మళ్లీ పడలేదు. టీ పెట్టుకున్నాను కానీ తాగలేకపోయాను. హైదరాబాద్‌లో శ్రీకాంత్ నా ఫోన్ కోసం చూస్తుంటాడు. నాకేమైనా అయితే చూడటానికి రావాలన్నా అతనికి వీసా లేదు. ఆ ఆలోచన దగ్గర మాత్రం ఏడ్చాను.

తెల్లవారింది. పొగమంచు కొంచెం పలచబడింది కానీ తొలగలేదు. ఎక్కడో కుక్క మొరిగింది. ఆ మొరుగుడు ఆగకముందే దిగి పరిగెత్తాను. నిన్న తడుముకుంటూ నడిచిన పొదల మధ్యలోనే, ఎదురుగా, ఇనుప గేటు ఉంది. నేను దాన్ని దాటుకుంటూ రెండుసార్లు నడిచి ఉండాలి. గేటుకి గొలుసు చుట్టి ఉంది. గొలుసుకి తాళం. అవతల రోడ్డు పక్కన పాత పికప్, గోధుమరంగు కుక్క, రబ్బరు బూట్లు వేసుకున్న ఒక పెద్దావిడ.

"హనీ, లోపల ఏం చేస్తున్నావు నువ్వు?" అంది ఆవిడ.

"నా వ్యాన్ లోపల ఉంది," అన్నాను.

"వ్యానా? అది ఎలా కుదురుతుంది?"

ఆవిడ చెయ్యందిస్తే గేటెక్కి అవతలికి దూకాను. ఆవిడ ఇల్లు దగ్గరే. వేడి నీళ్లతో చేతులు కడిగించి, రొట్టె పెట్టి, పార్క్ రేంజర్‌కి ఫోన్ చేసింది. ఆ ఫోన్ నుంచే లావణ్యకి చేశాను. నా గొంతు వినగానే, "యాడున్నవే! రాత్రంత సచ్చిపోయిన నేను!" అని ఏడ్చేసింది.

రేంజర్ నా వయసు అమ్మాయే. గేటు దగ్గరికి వచ్చి తాళాన్ని చేత్తో పట్టుకుని తిప్పి చూసింది. తుప్పుతో గొలుసూ తాళమూ ఒకే ముద్దయిపోయాయి. ఆ స్థలం పాత యజమాని చేతిలోంచి పార్కుకి వచ్చినప్పటి నుంచీ ఆ గేటు ఎవరూ తియ్యలేదట. ఆమె తాళంచెవి తాళంలోకే దూరలేదు.

"నువ్వు దీంట్లోంచే వచ్చావా?"

"అవును. తెరిచే ఉంది. ఒక మనిషి పిలిచాడు."

ఆమె నన్నొకసారి, తాళాన్నొకసారి చూసింది. ట్రక్కులోంచి పెద్ద కట్టర్ తెచ్చి గొలుసు కత్తిరించింది. ఇద్దరం కలిసి తోస్తే, కింద పెరిగిన గడ్డిని పెకలించుకుంటూ గేటు మూలుగుతూ తెరుచుకుంది. వంగి నేలని చూసింది. నిన్న నా చక్రాలు దాటాయనుకున్న చోట గడ్డి నిటారుగా, మంచు బిందువులతో నిలబడి ఉంది.

"ఇంకో దారేమైనా ఉందా?" అని నేనే అడిగాను.

"లేదు. మిగతాదంతా సముద్రం."

మధ్యాహ్నానికి మంచు విడిపోయింది. వ్యాన్ వైపు నడుస్తుంటే రేంజర్ ఒక్కసారిగా తన చెయ్యి నా ఛాతీకి అడ్డంగా పెట్టి ఆపేసింది. నేను అప్పుడు చూశాను.

వ్యాన్ ముందు కొండ అంచు. ఆ సంగతి నాకు తెలుసు. వ్యాన్ వెనక నేలలో ఒక గొయ్యి ఉంది. గొయ్యి అంటే చాలదు. మా అపార్ట్‌మెంట్ హాలంత గుండ్రటి కన్నం. కింద నుంచి సముద్రం తొలిచేస్తే పైన నేల కూలిపోయి ఏర్పడిందట. అడుగున నల్లటి నీళ్లు లేస్తూ పడుతూ ఉన్నాయి. వెనక చక్రానికీ ఆ అంచుకీ మధ్య నా చెయ్యి చాచినంత జాగా కూడా లేదు. రివర్స్‌లో ఇంకొంచెం కదిలి ఉంటే చాలు.

"ఈ రెండింటి మధ్యకి బండిని ఎలా తెచ్చావు?" అంది రేంజర్ చాలా మెల్లగా. "పగలు, ఎండలో, నాకు చేతకాదు ఈ పని."

టో ట్రక్కు వాళ్లు వ్యాన్‌ని పక్కకి లాగి బయటికి తియ్యడానికి సాయంత్రమైంది. పని జరుగుతున్నంతసేపూ నేను రోడ్డు అవతల ఆ పెద్దావిడ పికప్‌లో కుక్కని పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ అక్కడే పుట్టి పెరిగిన మనిషి. ఆ స్థలంలో ఎప్పుడైనా ఎవరైనా చనిపోయారా, ఎవరైనా మన దేశం మనిషి ఉండేవాడా అని అడిగాను.

"గొర్రెలు మేసేవి. అంతే. దాని గురించి ఏ కథా లేదు, హనీ. ఉంటే నాకు తెలిసేది."

ఏదో ఒక కథ ఉంటే బాగుండుననిపించింది. ఎవరో ఒకడు అక్కడ పడిపోయాడని, వాడి పేరు ఫలానా అని చెప్పి ఉంటే, నమ్మినా నమ్మకపోయినా దానికొక రూపం ఉండేది.

శ్రీకాంత్ మరో నెలకి వచ్చాడు. మొత్తం విని, నాలాగే కారణాలు వెతికాడు. "గేటు వేరే చోట ఉండి ఉంటుంది సునీ. ఫాగ్‌లో నీకు తెలిసుండదు."

"వేరే గేటు లేదు శ్రీ. రేంజర్ నాతోపాటు కంచె మొత్తం నడిచింది."

"దెబ్బలు? ఇంజిన్ చల్లారేటప్పుడు రేకు చప్పుడు చేస్తుంది."

"రివర్స్ వేసినప్పుడు మాత్రమేనా?"

ఆ తర్వాత మేము వేరే రాష్ట్రంలో ఉన్న ఫ్రిస్కో అనే ఊరికి మారిపోయాం. అక్కడ సముద్రమూ లేదు, అలాంటి పొగమంచూ లేదు. వెనక కెమెరా ఉన్న కారు కొనుక్కున్నాం. అయినా పార్కింగ్‌లో రివర్స్ వేసే ముందు నేను అద్దం దించి ఒక్క క్షణం ఆగుతాను. ఎందుకని పిల్లలు అడుగుతారు. అలవాటు అంటాను.

చెవులు పొరపడ్డాయంటే ఒప్పుకుంటాను. ఆ మనిషి ఆకారం నా భయమే అన్నా ఒప్పుకుంటాను. కానీ వ్యాన్ అక్కడ ఉంది. తుప్పు పట్టిన గొలుసుని నా కళ్ల ముందే కత్తిరించారు. ఇవి నేను ఒక్కదాన్నే చూసినవి కావు.

నన్ను లోపలికి పిలిచిన చెయ్యీ, కదలొద్దని ఆపిన చెయ్యీ ఒకటే అయితే, వాడు నన్ను కాపాడినట్టా, తీసుకెళ్లి అక్కడ పెట్టినట్టా? ఇన్నేళ్లయినా వాడికి దణ్ణం పెట్టాలో, వాణ్ని తిట్టుకోవాలో నాకు తెలియదు.